కుడి చక్రం మీది బరువు

ఎడమ టైరు పని అయిపోయింది. మెకానిక్ చిన్న ట్రాక్టరు కుడి చక్రాన్ని జాకీతో లేపి, వాల్వు పైకి వచ్చేలా తిప్పి, గొట్టంతో నీళ్లెక్కిస్తున్నాడు.

“టైర్లలో నీళ్లేంటండీ?” అంది రైతు భార్య.

“బండి తేలిక కదమ్మా. బరువు లేకపోతే ఎత్తెక్కేటప్పుడు చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. ఇన్నాళ్లూ పై తోటకి ఎలా ఎక్కించారు?”

“కుడి మడ్‌గార్డు మీద నేను కూర్చుంటే జారదండి. నేను పక్కనుంటే కలిసొస్తుందట. మూడేళ్ల నుంచీ నన్ను వదిలి ఒక్క రోజూ వెళ్లలేదీయన.”

రైతు స్పానర్లను సైజుల వారీగా సర్దడం మొదలుపెట్టాడు.

“మీ బరువెంతమ్మా?”

“అరవై ఎనిమిది.”

“అదీ సంగతి. దీంట్లో డెబ్బై లీటర్లు పడతాయి. ఇక మీరు కూర్చోనక్కర్లేదు.”

ఆమె భర్త వైపు చూసింది. అతను శుభ్రంగా ఉన్న స్పానరునే మళ్లీ తుడిచాడు.

వాల్వులోంచి నీళ్లు పొంగాయి. మెకానిక్ గొట్టం తీసి, గాలి కొట్టి, మూత బిగించి, జాకీ దించాడు.

ఆమె వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంది.

“నీకు నడపడం వచ్చా?” అన్నాడు భర్త.

“మూడేళ్లు పక్కన కూర్చుని ఏం చూశాననుకున్నారు?”

బండి కదిలింది. ఎత్తు మొదలయ్యేచోట అతను పరుగెత్తుకొచ్చి మడ్‌గార్డు పట్టుకున్నాడు.

“నేనూ ఎక్కనా?”

ఆమె గేరు మార్చింది.

“అక్కర్లేదండీ. బరువు సరిపోయింది.”