పొట్ట కింద చెప్పు

"తిండి పెట్టేది మనం, దాని ప్రాణమంతా వాడి చెప్పు మీద!" అని గొణుక్కుంటూ దర్జీ మంచం కిందికి వంగాడు.

జంతువుల షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క, వచ్చినప్పటి నుంచీ పాత యజమాని తోలు చెప్పును పొట్ట కింద పెట్టుకుని ఆ మంచం కింద నుంచి కదలడం లేదు.

"పోనిద్దురూ, పాత మనిషి మీద బెంగ. మెల్లగా అదే మర్చిపోతుంది," అంది భార్య.

"మర్చిపోవాలంటే ముందది కళ్లముందు ఉండకూడదు."

కొత్త రబ్బరు బంతిని దొర్లించాడు. కుక్క అటు మెడ తిప్పగానే చెప్పు లాగేసుకున్నాడు. "దొరికిందే!" అంటూ లేచి, కిటికీలోంచి బయటికి విసరబోతూ చెయ్యెత్తాడు.

కుక్క మొరగలేదు, మీదపడలేదు. పాక్కుంటూ వచ్చి అతని కాళ్ల దగ్గర నేలకి అతుక్కుపోయి, కళ్లు గట్టిగా మూసుకుంది. భయంతో ఉచ్చ పోసేసుకుంది.

"ఏమండీ," అంది భార్య గొంతు తగ్గించి. "ముందు ఆ చెయ్యి దించండి."

దించాడు. "ముద్దుకొద్దీ దాచుకుందనుకున్నానే. ఎవరి చేతికీ దొరక్కుండా దాచిందన్నమాట."

గుడ్డలు కోసే పెద్ద కత్తెర తెచ్చి, నేల మీద చతికిలబడి, కుక్క కళ్లెదుటే ఆ చెప్పును ముక్కలు ముక్కలు చేశాడు. "అయిపోయిందమ్మా. ఇక లేదు, చూడు."

ఆఖరి ముక్క దాకా అది కన్నార్పకుండా చూసింది.

తర్వాత లేచి, వాసన చూసుకుంటూ గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ విడిచిన దర్జీ చెప్పులు ఒక్కొక్కటే నోట కరుచుకొచ్చి, పొట్ట కింద పెట్టుకుని, అతని చేతుల వంకే చూస్తూ పడుకుంది.