ఊహూఁ

చీరాలలో చలమయ్య బట్టల కంపెనీకి నలభై మంది గుమాస్తాలు. అందరి చెవిలోనూ ఊకొట్టు మిషను ఉండేది. ఆఫీసు గ్రూపులో ఎవరేం పెట్టినా, మనిషి చదవకముందే అది "ఊ" అనేది.

"మగ్గాల విభాగం మూసేద్దామా?" అని చలమయ్య అడగ్గానే నలభై ఊలు వచ్చిపడ్డాయి. చవగ్గా వచ్చిన సరుకుకు మన్నిక ఉండదని ఎరిగిన వ్యాపారి ఆయన. మనసొప్పకపోయినా, అందరి మాటా అదే కదా అని తాళం పట్టుకుని వెళ్లాడు.

మగ్గాల దగ్గర గుమాస్తా నాంచారమ్మ అడ్డం నిలబడింది. "తాళం దేనికండీ?"

"మూసేద్దామంటే నువ్వూ ఊ అన్నావుగా తల్లీ!"

"అన్నది మిషనండీ! నన్నడిగితే ఊహూఁ. పెళ్లిచీరల బేరాలు ఇప్పుడే ఊపందుకుంటుంటే, పదిమంది నేతగాళ్లను పొమ్మంటారా?"

చలమయ్యకు ప్రాణం లేచొచ్చింది. తాళం జేబులో వేసుకుని గ్రూపులో రాశాడు: "రేపట్నుంచి ఊకొట్టు మిషన్లు ఇంటి దగ్గరే వదిలి రండి."

నలభై మిషన్లూ వెంటనే "ఊ" అన్నాయి.