గురువారం బర్జు పాఠం

"వెనక వరుసలో ఆ ముసలాయన ఎవరే?"

"తెలీదు మేడమ్. గేటు కాపలా గిట్సా చేతిలో సిగరెట్ పెట్టె పెట్టి లోపలికొచ్చాడట," అంది ముందు వరుసలో కూర్చున్న విద్యార్థిని దోయినా.

స్మరాండా టీచరుకి అనుమానం వచ్చింది.

ఆ రోజుల్లో రుమేనియాలో ముగ్గురు చేరితే అందులో ఒకడు పోలీసులకి కబుర్లు మోసేవాడే.

ఆమె చెప్పేది సంగీత చరిత్ర. పుస్తకంలో లేని పాఠం ఒకటి చెప్పేది. జైల్లో చచ్చిపోయిన స్వరకర్త ఓక్తావ్ బర్జు పాఠం.

నాలుగు వాద్యాలకి అతను రాసిన రచనలో మొదటి వయొలిన్ కాగితాలే దక్కాయి. మిగతా మూడు వాద్యాల కాగితాలూ పోలీసులు తగలబెట్టేశారు. దక్కిన దాన్నే ఆమె గురువారం గురువారం కాస్తకాస్తగా పియానో మీద వాయించేది.

పైవాళ్లకి తెలిస్తే ఉద్యోగమే కాదు, మనిషే మిగలదు.

ముసలాయన ఏమీ రాసుకోడు. కళ్లు మూసుకుంటాడు. ఎడమ చేతి వేళ్లు మాత్రం కోటు జేబులో కదులుతుంటాయి.

"జేబులో టేపు రికార్డరుంది మేడమ్, ఒట్టు!" అంది దోయినా.

నాలుగో గురువారం ఆయనే లేచి వచ్చాడు.

"అమ్మా, మూడో భాగం ఇంకొక్కసారి వాయిస్తారా?"

"ఎందుకో?"

"వింటే గుర్తొస్తుంది."

"గుర్తుపెట్టుకుని ఎవరికి చెప్పాలి?"

ఆయన చుట్టూ ఉన్న పిల్లల వంక బెదురుగా చూశాడు.

"చూశారా ఆ దొంగ చూపులు!" అన్నారెవరో.

"గిట్సా! ఈ పెద్దమనిషి మళ్లీ గడప తొక్కాడో, నీ సంగతి చెప్తా!" అని కేకేసింది స్మరాండా.

ఆయన టోపీ తీసి వంగి, వెళ్లిపోయాడు.

"పీడ విరగడైంది," అనుకుంది స్మరాండా. భయం మాత్రం పోలేదు. బర్జు పాఠం ఆపేసింది.

మంచు కరిగాక ఒకావిడ కాగితాల కట్ట పట్టుకొచ్చింది.

"గురువారం టీచరు మీరేనా? మా ఇంట్లో అద్దెకున్న తాత పోయాడమ్మా. మీ కిటికీ కింద చలిలో నిలబడేవాడు. ఇవాళా వాయించలేదు అంటూ తిరిగొచ్చేవాడు. ఇవి మీకిమ్మన్నాడు."

స్మరాండా కట్ట విప్పింది.

తగలబడిపోయిన మూడు వాద్యాల్లో ఒకటైన వయోలా స్వరాలు. మొదటి భాగం పూర్తిగా ఉంది. రెండోదీ ఉంది. మూడోది సగంలో ఆగిపోయింది.

ఆమె కాగితాలు చివరిదాకా తిప్పింది.

అట్టడుగున వంకర అక్షరాలతో ఒక్క మాట ఉంది: "బర్జు ఎదుట కూర్చుని ఇది వాయించిన నలుగురిలో మిగిలింది నేనొక్కణ్ణే, మీరు వాయించే వయొలిన్ భాగం వింటేనే నా వంతు గుర్తొచ్చేది."