వాగు కథ, మామిడి తొక్కలు

చిట్టెమ్మ అనే గాడిదను ఒకసారి వాగు వరద ఈడ్చుకుపోయింది. బతికి బయటపడింది గానీ, అప్పట్నుంచి కుండలో నీళ్లు కదిలినా దానికి గుండెలు జారిపోయేవి. ఈ ఒడ్డునేమో గడ్డి అయిపోయింది. అవతలి ఒడ్డున పచ్చిక నిగనిగలాడుతోంది.

"ఆ రోజును మరిచిపోదామన్నా నావల్ల కావడం లేదు పిన్నీ," అంది తనతోపాటు ఉండే ముసలి మేకతో.

"మరిచిపోవడమెందుకు? రోజూ నాకు చెప్పు. ఈ మామిడి తొక్కలు నములుతూ చెప్పు," అంది మేక.

మొదటిరోజు ఏడుపుకి తొక్క నోట్లోంచి జారిపడింది. మేక మాత్రం తొక్కల కుప్పను రోజుకో అడుగు వాగు వైపు జరిపేది.

పదోనాడు మేక ముందుగా నీళ్లలోకి దిగింది. నోటినిండా తొక్కలతో, కథ చెప్పే ఊపులో చిట్టెమ్మా వెనకే దిగింది.

"అప్పుడు నీళ్లు నా మెడదాకా వచ్చేశాయి పిన్నీ..."

"మరి ఇప్పుడో?"

చిట్టెమ్మ కిందికి చూసింది. మోకాళ్ల దాకా ఉన్నాయి.

"మధ్యలో అడ్డురాకు పిన్నీ, అసలు ఘట్టం ఇప్పుడే వస్తోంది," అంటూ నములుతూనే అవతలి ఒడ్డెక్కింది.