గేటు గుర్తుపట్టని జుట్టు

విశాఖలో బడి గేట్లు ముఖం చూసి వాటంతటవే తెరుచుకోవడం మొదలయ్యాక వాచ్‌మన్లు లేకుండా పోయారు. నూకరత్నం కూతురు లిఖితది తల్లి పోలికే, పొదలా రేగే ఉంగరాల జుట్టు. అది గేటు కంటికి రోజుకో తీరుగా కనిపించేది. గుర్తుపట్టని రోజు పిల్లకు బడి లేదు.

ఆ వారమంతా గేటు తెరుచుకోలేదు. జుట్టు తిన్నగా ఉంటే గేటు పోల్చుకుంటుందేమోనని నూకరత్నం స్ట్రెయిట్‌నర్ కొనడానికి వెళ్లింది.

"ఇలాంటి జుట్టుకి ఇనప పలకలది వద్దక్కా, మాడిపోద్ది. సిరామిక్‌ది తీసుకోండి. తడి బాగా ఆరాక, సన్నటి పాయలు తీసి పెట్టండి" అన్నాడు కొట్టతను.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫ్యాను కింద పిల్ల తల ఆరబెట్టి, ఒక్కో పాయా ఓపిగ్గా సాగదీసింది. చెవి దగ్గర చుర్రుమన్నా లిఖిత కదల్లేదు. తిన్నగా జారిన జుట్టును అద్దంలో చూసుకుని, "ఇది నానేనా అమ్మా?" అంది.

దారిలో సముద్రపు తడి గాలి కొట్టింది. తల్లి చున్నీ కప్పి, గొడుగు అడ్డం పెట్టి నడిపించింది. గేటు ముందు చున్నీ తీసేసరికి జుట్టంతా మళ్లీ లేచి నిలబడింది.

"వివరాలు సరిపోలలేదు" అంది గేటు.

"మా పిల్లే బాబూ, ఆరో క్లాసు" అంది నూకరత్నం, వినే మనిషి అక్కడ లేడని తెలిసినా.

లోపల బెల్లు మోగింది. లిఖిత కాసేపు కడ్డీలు పట్టుకుని చూసి, వెనక్కి తిరిగింది.

"పోదాం రా అమ్మా. రేపు ఇంకా వేడి పెట్టు. నానేడవను."