తేడా లేదు

దేవేంద్ర పెనుకొండ నుంచి మళ్ళీ ఒక పొట్లం తెచ్చాడు. చూడగానే అతని పెళ్ళాం ఈశ్వరికి ఒళ్ళు మండిపోయింది.

ఈసారి ట్వీటర్లట, సన్నని శబ్దాలు పలికించే చిన్న స్పీకర్లు. అంతకుముందు కెపాసిటర్లు, దానికి ముందు వెండి పూత వైరు. ధర్మవరంలో వాళ్ళుండేది రెండు గదుల అద్దె ఇల్లు. అందులో బియ్యం డ్రమ్ము పక్కన కూర్చుని అతని పాటల మిషన్, ఆ యాంప్లిఫయర్, కొత్త పెళ్ళికూతురిలా సింగారాలు చేయించుకుంటోంది. ఈశ్వరి చెప్పులు తెగి నెలయింది, వాటి సంగతి ఎవరికీ పట్టలేదు.

దాచుకున్న డబ్బంతా దానికే పోతోంది. ఇంట్లో సొంతంగా ఒక చేమగ్గం పెట్టుకోవాలని ఆమె పొట్ట కట్టుకుని కూడబెట్టిన డబ్బు అది. అప్పుడు దేవేంద్ర ఎవరిదో షెడ్డులో మరమగ్గాలు నడిపే కూలి మానేసి, నీడపట్టున పట్టుచీర నేసుకోవచ్చు. ఆ మగ్గం ఇప్పుడు ముక్కలు ముక్కలుగా పెనుకొండలో గిరి అంగడికి చేరుతోంది. గిరి అమ్మేది ఆడియో సామాన్లు. ఎంత మంచి పార్టు కొన్నా, ఇంతకంటే మంచిది ఇంకోటుందని చెప్పి పంపడం అతని వ్యాపారం.

ఇంత చేసి దేవేంద్ర పెట్టుకునేది ఒకే ఒక్క రికార్డింగు. అతని నాయన నరసింహులు కొత్తచెరువులో చేసిన చెక్కభజన, పాత క్యాసెట్టులోంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నది. నరసింహులు ఇప్పుడు లేడు.

దేవేంద్ర ట్వీటర్లు బిగించి పాట పెట్టాడు. తలవంచుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత ఎప్పటిలాగే ఆమె ముఖంలోకి చూశాడు.

"నాయన చెక్కలు వినపడతాండాయా? తేడా ఏమన్నా ఉండాదా?"

ఉంది. ఈశ్వరి ఒళ్ళు గగుర్పొడిచింది. చెక్కలకున్న ఇత్తడి బిళ్ళలు ఒక్కొక్కటీ గలగలమంటుంటే మామ గుమ్మంలోకి వచ్చి నిలబడినట్టే ఉంది. నిజానికి పాత పార్టులున్నప్పుడూ అవి బాగానే వినిపించేవి. కానీ బాగుందంటే ఇంకోటి తెస్తాడు. అసలేమీ లేదంటేనే విసుగొచ్చి మానుకుంటాడని ఆమె లెక్క. మొదటి పొట్లం వచ్చిన రోజు నుంచీ ఆమె మాట ఒకటే.

"యాడ చెక్కలు? నాకేం వినపళ్ళా. తేడా లేదు, ఏం లేదు. దుడ్లు దండగ."

"నిజంగానా?"

"అబద్ధం చెప్తే నాకేమొస్తాది?"

అతని ముఖం మాడిపోతుందనుకుంది. అలా జరగలేదు. ఎందుకో ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించాడు. మరుసటి వారం ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలని పెనుకొండ బస్సెక్కాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. ఇలాంటి మొండివాడితో ఎలా వేగాలో తెలియలేదు. తిట్టినా ఉలకడు పలకడు, గోడకు చెప్పుకున్నట్టే. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. ఆమె మళ్ళీ తేడా లేదంది. స్పీకర్ పెట్టెలు వచ్చాయి. అప్పుడూ అదే మాట. మగ్గం డబ్బు అడుగంటింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు షెడ్డు బయట నీళ్ళ ట్యాంకరొకటి వెనక్కి వస్తూ దేవేంద్రను గుద్దేసింది. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడని, పక్క మగ్గం యల్లప్ప గొంతు చించుకుని అరిచాడని, అయినా మనిషి కదల్లేదని అందరూ చెప్పారు. కొత్త పార్టుల గురించి కలలు కంటూ నిలబడి ఉంటాడని ఈశ్వరి ఏడుస్తూనే తిట్టుకుంది.

హిందూపురం ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టారు. కట్టిన డాక్టరుకి ఏదో అనుమానమొచ్చి చెవుల డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన పరీక్షలన్నీ చేసి, మరమగ్గాల మోతకు చెవులు దెబ్బతిన్నాయని చెప్పాడు. ముందు సన్నని శబ్దాలు పోతాయని, అప్పుడే ఆ పని మానేసి వచ్చి ఉంటే మిగతాదైనా నిలిచేదని అన్నాడు. తర్వాత దేవేంద్ర చెవి దగ్గరికి వంగి, ఇన్నాళ్ళూ నీకు అనుమానమే రాలేదా అని గట్టిగా అడిగాడు.

"మొదట్లోనే వచ్చింది సార్," అన్నాడు దేవేంద్ర, "కానీ అడిగినప్పుడల్లా మా ఇంటామె తనకూ వినపళ్ళేదనె, అందుకే నా చెవులు బాగుండాయి, మిషన్‌దే తప్పనుకుంటి."