ఓడ దిగినవాడు

“ఇంట్లో జర్మన్. చర్చిలో జర్మన్. ఆఖరికి ఆవును అదిలించినా జర్మనే! ఇలాంటి పరదేశి మన పెన్సిల్వేనియాకు చట్టాలు చేస్తాడట, విన్నారా?”

చావడి ముందు జనం గొల్లుమన్నారు. ఇంగ్లండు రాజుగారి పీడ వదిలి పట్టుమని పదేళ్లు కాలేదు, అప్పుడే ఎన్నికలంటే తిరనాళ్లయిపోయింది. ఆపిల్ సారా పీపా మీదికెక్కి కొర్నేలియస్ టాగర్ట్ దంచేస్తున్నాడు. నున్నగా గీసిన గడ్డం, అచ్చు గుద్దినట్టుండే ఇంగ్లీషు. శాసనసభ సీటు కోసం కొండకు ఇవతలికి మకాం మార్చాడు, చర్చి మార్చాడు, ఉన్నదంతా ఊడ్చిపెట్టాడు. ఇవాళ ఓడితే మళ్లీ తలెత్తుకునే రాత లేదు.

“ఓడ దిగినవాడల్లా గద్దెనెక్కితే, ఇక్కడివాళ్లం మనం ఏమైపోవాలి?”

“అట్లా గడ్డి పెట్టు!” అని అరిచాడు కమ్మరి హ్యూ.

ప్రత్యర్థి యోస్ట్ హిమెల్‌బర్గర్ ఓ పక్కన మట్టి బూట్లతో నిలబడి, తాపీగా రొట్టె, సాసేజీ నములుతున్నాడు. తిట్లు తనవి కానట్టే ఉన్నాడు.

“ఏమయ్యా జర్మనీ దొరా, నోట్లో రొట్టేనా, మాట కూడా ఉందా?” అని హ్యూ రెచ్చగొట్టాడు.

కొర్నేలియస్ పీపా మీంచి గుంపును ఓసారి కలయజూశాడు. గుంపులో జర్మన్ రైతులు తక్కువేం లేరు. వాళ్ల భాషలో యోస్ట్ ఒక్క ముక్క అన్నాడంటే తన కథ కంచికే.

యోస్ట్ పీపా మీదున్న కొర్నేలియస్ వంక చూశాడు. మూతి తుడుచుకున్నాడు.

“నాకు ఇంగ్లీషు అంతగా రాదు. ఓటు మీది, మీ ఇష్టం.”

అంతే. మళ్లీ రొట్టె కొరికాడు.

“పిరికి గొడ్డు!” అన్నారెవరో. నోరున్నవాడిదే రాజ్యమని ఊరికే అనలేదు. చావడి కిటికీలోంచి ఓటు చీటీలు పెట్టెలో పడ్డాయి. పొద్దు వాలేసరికి కొర్నేలియస్ గెలిచాడు. హ్యూ భుజాల మీదికెత్తుకుని వీధంతా ఊరేగించాడు.

కిందికి దించాక యోస్ట్ వచ్చి చెయ్యి కలిపాడు. కొర్నేలియస్ ముఖంలో నవ్వు ఎండిపోయింది. చెయ్యి లాక్కోబోయాడు. యోస్ట్ వదల్లేదు. దగ్గరికి వంగి, పక్కవాళ్లకు వినపడకుండా, జర్మన్‌లో అన్నాడు.

“అమ్మ భోజనానికి రమ్మందిరా కోర్నీ, చిన్నప్పుడు నువ్వు ఐర్లండ్ ఓడ దిగి వణుకుతుంటే నాన్న రేవు నుంచి మా తాత కట్టిన ఇంటికి పట్టుకొచ్చాడు చూడు, ఆ రోజు రెండు గిన్నెలు తాగావే, ఆ కోడి సూపే చేసిందట.”